దొంగ ఓటు, గల్లంతైన ఓటు

ఓటర్ల జాబితాలో రెండు రకాల తప్పులు దొర్లుతాయి. ఉండకూడని పేరు ఉండటం ఒకటి, ఉండాల్సిన పేరు లేకపోవడం రెండోది. మొదటిదాన్ని మనం దొంగ ఓటు అంటాం. రెండోదాన్ని మన పత్రికలు ఓటు గల్లంతు అంటాయి. ఈ రెండు మాటల మధ్య తేడా చూడండి. దొంగ ఓటు అనగానే ఎక్కడో ఒక దొంగ ఉన్నాడు, వాణ్ణి పట్టుకోవాలి. గల్లంతు అంటే గోదావరిలో పడవ మునిగి మనిషి గల్లంతైనట్టు. ఎవరూ చేసింది కాదు, అలా జరిగిపోయింది. పట్టుకోవడానికి ఎవరూ లేరు.

ఎన్నికల మీద జనానికి నమ్మకం పెరగాలి, జాబితాల్ని ప్రక్షాళన చెయ్యాలి అనే మాట నేనుంటున్న అమెరికాలోనూ వినిపిస్తోంది, పుట్టిన దేశంలోనూ వినిపిస్తోంది. కాదనేవాళ్ళెవరుంటారు? చనిపోయినవాళ్ళ పేర్లు, ఊరొదిలిపోయినవాళ్ళ పేర్లు జాబితాలో ఎందుకు? అయితే ఈ ప్రక్షాళన కొత్త సంగతేం కాదు. అమెరికాలో దీనికి రెండు వందల ఏళ్ళు దాటిన చరిత్ర ఉంది. ఆ చరిత్ర చదువుతూ పోతే నాకు పదేపదే కనిపించింది ఒకటే: నమోదు చట్టాలు తెచ్చినవాళ్ళు దొంగ ఓట్లని లెక్కపెట్టారు, గల్లంతైన ఓట్లని లెక్కపెట్టలేదు. రెండోది కూడా లెక్కపెట్టిన రోజునే చట్టాలు బాగుపడ్డాయి.

ఇత్తడి పలకలు

అమెరికా పుట్టిన కొత్తల్లో ఓటర్ల జాబితా అనేదే చాలాచోట్ల లేదు. ఊళ్ళు చిన్నవి. ఓటు ఉన్నది చాలావరకు ఆస్తిపరులైన తెల్ల మగవాళ్ళకే. ఎవరు ఏ ఇంటివాడో పోలింగు దగ్గర కూర్చున్నవాళ్ళకి మొహం చూస్తే తెలిసిపోయేది. 1800లో మసాచుసెట్స్ మొదటి నమోదు చట్టం చేసింది. మిగతా రాష్ట్రాలు చాలాకాలం ఆ జోలికి పోలేదు. ఊళ్ళు పట్నాలై, ఆస్తి ఉంటేనే ఓటు అనే నియమం సడలి, ఐర్లండ్ నుంచీ జర్మనీ నుంచీ ఓడల్లో జనం దిగడం మొదలయ్యాక, ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఓటెయ్యడానికి వస్తున్నారన్న భయం పట్టుకుంది.

1836లో పెన్సిల్వేనియా ఒక నమోదు చట్టం చేసింది. రాష్ట్రం మొత్తానికి కాదు, ఒక్క ఫిలడెల్ఫియా నగరానికే. పన్ను మదింపు చేసే ఉద్యోగులు ఇంటింటికీ తిరిగి అర్హుల జాబితా రాయాలి, ఆ జాబితాలో లేనివాడికి ఓటు లేదు. వినడానికి బాగానే ఉంది. గిట్టనివాళ్ళు మాత్రం ఒక సంగతి ఎత్తిచూపారు. ఆ ఉద్యోగి వచ్చేవేళకి కూలిపని చేసుకునేవాడు ఇంట్లో ఉండడు. పెద్దమనుషుల ఇళ్ళకి ఉన్నట్టు అతని తలుపు మీద పేరు చెక్కిన ఇత్తడి పలకా ఉండదు. జాబితా రాసేవాడికి ఎవరి మీదా కక్ష ఉండనక్కర్లేదు, తలుపు తట్టి, ఎవరూ పలక్కపోతే పక్కింటికి పోతే చాలు. ఫలానావాడికి ఓటు లేదని చట్టంలో ఎక్కడా రాయకుండానే పేదవాడి ఓటు పోతుంది.

దొంగ ఓట్లు కట్టుకథలని నేననడం లేదు. న్యూయార్క్‌లో టామనీ హాల్ ముఠా రాజ్యమేలిన కాలంలో ఒకే మనిషిని గుబురు గడ్డంతో ఒకసారి, గడ్డం తీసేసి మీసంతో ఒకసారి, మీసం కూడా గీయించి మరోసారి పంపేవారని కథలు కథలుగా చెప్పుకుంటారు. రోగం నిజమే. కానీ దానికి వేసిన మందు ఎవరి గొంతులో పోశారన్నది చూడాలి. ప్రతి ఎన్నికకీ ముందు ఓటరు స్వయంగా వచ్చి నమోదు చేసుకోవాలన్నారు. దానికి కొన్ని రోజులు, కొన్ని గంటలు పెట్టారు. రోజుకూలీ మానుకుని వెళ్ళగలిగినవాడు వెళ్ళాడు. 1908లో న్యూయార్క్‌లో ఆ రోజులు యూదులకి పనీపాటా నిషిద్ధమైన శనివారాల్లోనూ, వాళ్ళ అతి పవిత్రమైన యోమ్ కిప్పూర్ నాడూ వచ్చేట్టు పెట్టారు. యూదు కార్మికుల్లో సోషలిస్టులు ఎక్కువ మరి. వాళ్ళకి ఓటు లేదని ఎవరూ అనలేదు, క్యాలెండరులో ఒక తారీఖు వేశారంతే.

గుమాస్తా చేతిలో రాజ్యాంగం

ఉత్తరాదిన తారీఖులతో జరిగిన పని దక్షిణాదిన మరింత బాహాటంగా జరిగింది. అంతర్యుద్ధం తర్వాత 1870లో వచ్చిన 15వ సవరణ, జాతిని బట్టి ఓటు నిరాకరించకూడదంది. నల్లజాతివాళ్ళు వేలూ లక్షల్లో ఓటేశారు. తెల్లవాళ్ళు పెట్టెలు మార్చారు, లెక్కలు తారుమారు చేశారు, తుపాకులతో బెదిరించారు. 1890లో మిసిసిపీ కొత్త రాజ్యాంగం రాసుకోవడానికి కూర్చున్నప్పుడు, 1875 నుంచీ మా రాష్ట్రంలో సరైన ఓటింగూ లేదు, సరైన లెక్కా లేదు అని ఆ సభలోనే ఒక సభ్యుడు ఒప్పుకున్నాడు. మరి ఆ మోసానికి విరుగుడుగా ఏం చేశారు? మోసం చేసినవాళ్ళని వదిలేసి, మోసపోయినవాళ్ళని జాబితాలోంచి తీసేశారు. ఓటేసేవాళ్ళే లేకపోతే పెట్టెలు మార్చాల్సిన అవసరమే ఉండదు కదా!

ఆ రాజ్యాంగం ప్రకారం రాష్ట్రంలో రెండేళ్ళు నివాసముండాలి, ఎన్నికకి నాలుగు నెలల ముందే నమోదు కావాలి, రెండు డాలర్ల తలపన్ను కట్టాలి. వీటి మీద, రాజ్యాంగంలో ఏదో ఒక భాగం చదవాలి, లేదా చదివి వినిపిస్తే అర్థం చెప్పాలి. ఏ భాగం ఇవ్వాలి, చెప్పిన అర్థం సరైనదా కాదా అన్నది నమోదు గుమాస్తా ఇష్టం. తెల్లవాడికి ఒక వాక్యం, నల్లవాడికి న్యాయశాస్త్ర పండితులకే కొరుకుడు పడని ఒక పేరా. మిగతా దక్షిణాది రాష్ట్రాలూ ఇదే దారి పట్టాయి. లూసియానాలో 1896లో నమోదైన నల్లజాతి ఓటర్లు 1,30,334 మంది. 1898లో కొత్త రాజ్యాంగం వచ్చింది. 1904 నాటికి మిగిలినవాళ్ళు 1,342 మంది. వందలో తొంభైతొమ్మిది మంది గల్లంతు! 

ఇది అరవై ఏళ్ళకి పైగా సాగింది. అలబామాలో సెల్మా ఊరున్న డాలస్ కౌంటీలో 1965 మొదట్లో ఓటు వయసున్న నల్లవాళ్ళు సుమారు 15,000 మంది ఉంటే, నమోదైనవాళ్ళు మూడు వందల పైచిలుకు. నమోదు కార్యాలయం తెరిచేది నెలకి రెండే రోజులు. ఆ రెండు రోజులూ తెల్లవారకముందే వచ్చి వరసలో నిలబడేవారు. సాయంత్రానికి లోపలికి పిలిచేది కొద్దిమందిని, వాళ్ళలో నెగ్గేది ఒకరో ఇద్దరో. 1965 మార్చి 7న సెల్మా వంతెన మీద పోలీసులు లాఠీలతో కొట్టిన దృశ్యాలు మనలో చాలామంది సినిమాల్లోనో డాక్యుమెంటరీల్లోనో చూసే ఉంటారు. ఆ జనం అడిగింది పదవులు కాదు, జాబితాలో పేరు.

ఆ ఏడాది ఆగస్టు 6న అధ్యక్షుడు జాన్సన్ సంతకం పెట్టిన ఓటు హక్కుల చట్టం చేసిన పనేమిటో కాస్త నిదానంగా చూడాలి. ఓటు హక్కు ఇవ్వడం దాని పని కాదు, అది 1870లోనే ఇచ్చారు. ఆ చట్టం భారాన్ని ఒక భుజం మీంచి మరో భుజం మీదికి మార్చింది. అప్పటిదాకా, నేను అర్హుణ్ణి అని పౌరుడు నిరూపించుకోవాలి. ఇప్పుడు పరీక్షలు రద్దయ్యాయి. వివక్ష చరిత్ర ఉన్న చోట్ల ఎన్నికల నియమాల్లో ఏ మార్పు చెయ్యాలన్నా, దీనివల్ల ఎవరికీ అన్యాయం జరగదని రాష్ట్రమే ముందుగా కేంద్రానికి నిరూపించుకోవాల్సి వచ్చింది. స్థానిక గుమాస్తా నమోదు చెయ్యకపోతే కేంద్రం పంపిన అధికారే చేసేవాడు. ఫలితం? మిసిసిపీలో చట్టానికి ముందు 6.7 శాతం ఉన్న నల్లజాతి నమోదు 1967 నాటికి 59.8 శాతమైంది. మనుషులు వాళ్ళే, చదువులు అవే. మారింది భారం మోసే భుజం ఒక్కటే.

ఫలానావారి భార్య

మిసిసిపీలో గుమాస్తాలు చదువు పేరు చెప్పి జనాన్ని వెనక్కి పంపుతున్న కాలంలోనే, అటు ఇండియాలో చదువురాని కోట్లమందికి ఒకేసారి ఓటు ఇస్తున్నారు. 1951 జనాభా లెక్కల్లో మన అక్షరాస్యత సుమారు 18 శాతం. చదువుంటేనే ఓటు అంటే దేశంలో ఓటర్లే ఉండరు. అందుకని ఓటరుకి చదువు నేర్పే బదులు, ఓటు కాయితానికీ పెట్టెకీ బొమ్మలు నేర్పారు. కాడెద్దులు, గుడిసె, ఏనుగు. ఎన్నికల గుర్తు అనే ఆ చిన్న ఏర్పాటు మనకి ఎంత మామూలైపోయిందంటే, దాని వెనక ఎంత పెద్ద ఆలోచన ఉందో గుర్తుకేరాదు.

అంతకన్నా పెద్ద ఆలోచన జాబితాది. పౌరుడు కచేరీకి వచ్చి అర్జీ పెట్టుకోవడం కాదు, సర్కారు మనిషే ఇంటికి వెళ్ళి పేరు రాసుకోవాలి. రాజ్యాంగం ఇంకా పూర్తికాకముందే, 1948లోనే ఈ పని మొదలుపెట్టారు. దేశవిభజన కాందిశీకులు శిబిరాల్లో ఉన్నారు, వాళ్ళకి స్థిరమైన చిరునామా లేదు. ఇక్కడే ఉండబోతున్నాం అని వాళ్ళు చెప్తే చాలు, ప్రస్తుతానికి పేరు రాసుకోండి అన్నారు. కాయితం లేదని మనిషిని వదలలేదు. అలా తయారైన మొదటి జాబితాలో 17 కోట్ల 30 లక్షల పైచిలుకు పేర్లున్నాయి.

అయితే ఆ జాబితాకీ ఒక మచ్చ ఉంది. లెక్క రాసేవాళ్ళు వెళ్తే చాలామంది ఆడవాళ్ళు తమ పేరు చెప్పలేదు. ఫలానావారి భార్య, ఫలానావాడి తల్లి అని రాయించారు. పరాయి మగవాడికి పేరు చెప్పడం తప్పనుకున్న కాలం. మొదటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ దీనికి ఒప్పుకోలేదు. పేరు చెప్పాలి, చెప్పకపోతే తీసెయ్యండి అన్నారు. దేశంలో ఉన్న సుమారు 8 కోట్ల మహిళా ఓటర్లలో 28 లక్షలమంది అలా పోయారు. ఎక్కువగా బీహార్, ఉత్తరప్రదేశ్, మధ్యభారత్, రాజస్థాన్, వింధ్యప్రదేశ్‌లలో.

సేన్ చేసింది సరైనదేనా అని ఇప్పటికీ వాదించుకోవచ్చు. ఆడమనిషికి తన పేరుతోనే ఓటు ఉండాలన్న పట్టుదల గొప్పదే, కానీ దానికి మూల్యం కట్టింది ఆ ఆడవాళ్ళే. నాకు మాత్రం ఇందులో ముఖ్యంగా కనిపించేది ఇంకొకటి. 28 లక్షలన్న ఆ అంకె మనకెలా తెలిసింది? సేనే తన నివేదికలో రాశారు. ఇంతమందిని వదిలేశాం, ఈ ప్రాంతాల్లో వదిలేశాం, ఈ కారణంతో వదిలేశాం అని తను చేసిన నష్టాన్ని తనే లెక్కగట్టి పెట్టారు. వచ్చే ఎన్నికల నాటికి వీళ్ళు సొంత పేర్లతో తిరిగి చేరాలని ఆశించారు. గల్లంతు అనే మాట వాడలేదు.

రోగం ఒకటి, మందు ఒకటి

మళ్ళీ అమెరికాకి వద్దాం. 1993లో క్లింటన్ సంతకంతో జాతీయ ఓటరు నమోదు చట్టం వచ్చింది. డ్రైవింగ్ లైసెన్సుకి వెళ్ళినచోటే ఓటరుగా నమోదు చేస్తారు కాబట్టి జనం దాన్ని మోటార్ ఓటర్ చట్టం అన్నారు. మంచి చట్టం. పేర్లు చేర్చడమూ, జాబితా శుభ్రంగా ఉంచడమూ రెండూ తన లక్ష్యాలేనని చెప్పింది. కేవలం ఓటెయ్యలేదన్న కారణంగా పేరు తీసెయ్యకూడదంది. దేశస్థాయి ఎన్నికకి 90 రోజుల ముందునుంచి గంపగుత్తగా తొలగింపులు చెయ్యకూడదంది.

కానీ అమలు చెయ్యాల్సింది రాష్ట్రాలు. 1997 నవంబరులో మయామీ నగర మేయర్ ఎన్నికలో పెద్ద మోసం జరిగింది. తపాలాలో వెళ్ళే ఓట్లలో దొంగ సంతకాలు, చనిపోయినవాళ్ళ పేర్లు. కోర్టు ఆ గెలుపుని రద్దు చేసింది. దాని తర్వాత ఫ్లోరిడా శాసనసభ 1998లో, జాబితాని వడపోసే పని ఒక ప్రైవేటు కంపెనీకి అప్పగించేట్టు చట్టం చేసింది. అప్పట్లో అక్కడ తీవ్రనేరాల్లో శిక్ష పడ్డవాళ్ళకి ఓటు ఉండేది కాదు. ఆ నేరస్థుల పేర్లతో ఓటర్ల పేర్లు పోల్చి చూడమన్నారు. అచ్చంగా కలవాల్సిన పని లేదు, ఇంచుమించుగా కలిస్తే చాలన్నారు. ఇంటిపేరులో 80 శాతం అక్షరాలు కలిస్తే ఆ మనిషే ఈ మనిషి! మాడిసన్ కౌంటీ ఎన్నికల అధికారిణికి వచ్చిన జాబితాలో నేరస్థురాలిగా ఆవిడ పేరే ఉంది. ఆవిడ అధికారి కాబట్టి తప్పని తెలిసింది. మామూలు మనిషికి పోలింగు రోజున, బల్ల దగ్గర నిలబడ్డాక తెలుస్తుంది. 2000 నవంబరులో ఫ్లోరిడా ఫలితం, దాంతోపాటు అమెరికా అధ్యక్ష పదవి, 537 ఓట్ల తేడాతో తేలాయి.

మయామీలో మోసం జరిగింది తపాలా ఓట్లలో. ప్రక్షాళన చేసింది పోలింగు కేంద్రానికి నడిచివచ్చే ఓటర్ల పేర్లని. నడుం నొప్పికి పన్ను పీకినట్టుంది వ్యవహారం.

జాబితాలు శుభ్రంగా ఉన్నాయా అంటే, లేవు. 2012లో ప్యూ సంస్థ చేసిన అధ్యయనంలో అమెరికా జాబితాల్లో సుమారు 2 కోట్ల 40 లక్షల నమోదులు తప్పుగానో, చెల్లకుండానో ఉన్నాయని తేలింది. చనిపోయినవాళ్ళ పేర్లు 18 లక్షలు, ఒకటికన్నా ఎక్కువ రాష్ట్రాల్లో పేరున్నవాళ్ళు 27 లక్షల 50 వేలు. ఈ అంకెలు చూసి ఇన్ని దొంగ ఓట్లా అని గుండెలు బాదుకున్నవాళ్ళున్నారు. పేరు మిగిలిపోవడం వేరు, దొంగ ఓటు పడటం వేరు. ఇక్కడ పౌరసత్వం తీసుకున్న తెలుగువాళ్ళలో సొంతూరి జాబితాలో పేరు తీయించుకున్నవాళ్ళు ఎంతమంది ఉంటారు? హైదరాబాదులో ఒక ఓటు, ఊళ్ళో ఒక ఓటు ఉన్నవాళ్ళ సంగతి సరేసరి. వాళ్ళందరూ దొంగలేనా? ఇల్లు మారినవాడికి పాలవాడూ పేపరువాడూ గుర్తుంటారు గానీ ఓటర్ల జాబితా గుర్తుండదు. అది గుర్తుపెట్టుకోవాల్సింది సర్కారు. అదే అధ్యయనంలో ఇంకో అంకె ఉంది. అర్హత ఉండీ నమోదు కాని పౌరులు కనీసం 5 కోట్ల 10 లక్షలమంది. ఈ అంకె గురించి గుండెలు బాదుకున్నవాళ్ళు తక్కువ.

మన పేర్లు

రెండు జాబితాల్ని పక్కపక్కన పెట్టి పేర్లు పోల్చడం కంప్యూటరుకి తేలికే. చిక్కంతా పేర్లతోనే. కాన్సాస్ రాష్ట్రం ఆధ్వర్యంలో క్రాస్‌చెక్ అనే ఏర్పాటు కొన్నేళ్ళు నడిచింది. రెండు రాష్ట్రాల జాబితాల్లో మొదటి పేరు, ఇంటిపేరు, పుట్టినతేదీ కలిస్తే రెండుచోట్లా ఓటున్న మనిషి కావచ్చని అనుమానించేవారు. కోట్ల పేర్లలో ఒకే పేరూ ఒకే తేదీ ఉన్న ఇద్దరు వేర్వేరు మనుషులు వేలల్లో దొరుకుతారు. ఇది లెక్కల పాఠం.

మనవాళ్ళకైతే లెక్కల పాఠం కూడా అక్కర్లేదు. బడిలో చేర్చేటప్పుడు పంతులుగారు వేసిన జూన్ ఒకటో, జూలై ఒకటో పుట్టినరోజుగా మోస్తున్న తరం మనది. రెడ్డి, రావు అనే ఇంటిపేర్లతో, శ్రీనివాస్ అనే మొదటి పేరుతో, జూలై ఒకటిన పుట్టినవాళ్ళు అమెరికాలో ఎంతమంది ఉంటారో ఊహించుకోండి.

ఇక జార్జియా రాష్ట్రం దీనికి సరిగ్గా తిరగేసిన నియమం పెట్టింది. అర్జీలో పేరు ప్రభుత్వ రికార్డులో పేరుతో అచ్చంగా, అక్షరం పొల్లుపోకుండా కలవాలి. మధ్యలో చిన్న గీత తేడా వచ్చినా అర్జీ పక్కన పెడతారు. 2018 ఎన్నికల ముందు అలా ఆగిపోయిన అర్జీలు సుమారు 53,000. వాటిలో అధికభాగం నల్లజాతివాళ్ళవి. మరుసటి ఏడాది ఆ చట్టాన్ని సడలించాల్సి వచ్చింది.

ఈ నియమాన్ని తెలుగు పేరుకి పెట్టి చూడండి. మనకి ఇంటిపేరు ముందు వస్తుంది, అది కూడా పొడి అక్షరంగా. పాస్‌పోర్టులో అది విడిపోయి వేరే గడిలో కూర్చుంటుంది. మిగిలిన వెంకట సత్యనారాయణ మూర్తిలో లైసెన్సు ఇచ్చేవాడు వెంకటని మొదటి పేరు చేసి, సత్యనారాయణని మధ్య పేరు చేసి, చోటు చాలక మూర్తిని వదిలేస్తాడు. లక్ష్మిని ఒకరు ఎక్స్‌తో రాస్తారు, ఇంకొకరు కె, ఎస్, హెచ్‌తో రాస్తారు. పెళ్ళయ్యాక ఇంటిపేరు కొన్ని కాయితాల్లో మారుతుంది, కొన్నిట్లో మారదు. పాస్‌పోర్టులో ఒకే గడి నిండితే వీసా మీద మొదటి పేరు తెలియదు అనే అర్థంలో మూడక్షరాలు కొడతారు. ఆ మూడక్షరాలే పేరనుకుని ఎఫ్ఎన్‌యు అని పిలిపించుకున్నవాళ్ళు మనవాళ్ళలో ఉన్నారు. ఇంచుమించుగా కలిస్తే చాలనే చట్టం మనల్ని ఇంకొకరిగా లెక్కేస్తుంది. అచ్చంగా కలవాలనే చట్టం మనల్ని మనం కాదంటుంది.

కొత్త పౌరుల మాటకొస్తే కాన్సాస్ కథ చెప్పుకోవాలి. 2013 నుంచి అక్కడ ఓటరుగా నమోదు కావాలంటే పౌరసత్వానికి కాయితం చూపించాలన్నారు. పుట్టిన సర్టిఫికెటో, పాస్‌పోర్టో, పౌరసత్వ పత్రమో. పౌరులు కానివాళ్ళు ఓటేస్తున్నారని కారణం చెప్పారు. విచారణలో తేలిన లెక్క ఇది: రెండు దశాబ్దాల లోపు కాలంలో జాబితాలోకి ఎక్కినట్టు తేలిన పౌరులు కానివాళ్ళు 39 మంది. ఆ 39 మందిని ఆపడానికి పెట్టిన నియమం వల్ల ఆగిపోయిన అర్జీదారులు 31,000 మంది పైన, అంటే వచ్చిన అర్జీల్లో 12 శాతం. మీరు చూస్తున్నది మంచుకొండ మొన మాత్రమే అని రాష్ట్రం వాదించింది. 2018లో తీర్పిచ్చిన న్యాయమూర్తి, కొండేమీ లేదు, చూరుకి వేలాడే మంచుపుల్ల ఉంది, అది కూడా చాలావరకు అయోమయం వల్లా గుమాస్తాల పొరపాట్ల వల్లా ఏర్పడింది అనే అర్థంలో రాశారు. 2020లో పై కోర్టూ దాన్నే సమర్థించింది.

ఆ తీర్పు నాకు ముఖ్యంగా తోచింది అందులో ఉన్న త్రాసు వల్ల. ఒక పళ్ళెంలో 39, ఇంకో పళ్ళెంలో 31,000. రెండు అంకెల్నీ ఒకేచోట పెట్టి తూచారు. ఆ పని శాసనసభలో జరిగి ఉంటే కోర్టు దాకా రావాల్సిన పనే లేదు.

మోయవలసింది ఎవరు

తెలుగు నేల మీద ఇదే కథ మరో రూపంలో నడిచింది. 2015లో ఓటరు కార్డుల్ని ఆధార్‌తో జోడించే ప్రక్షాళన కార్యక్రమం దేశమంతటా మొదలైంది. ఆ ఆగస్టులో సుప్రీంకోర్టు ఉత్తర్వుతో ఆగింది. 2018 డిసెంబరు 7న తెలంగాణ ఎన్నికలనాడు కార్డు చేతిలో పట్టుకుని వచ్చినవాళ్ళు ఎందరో జాబితాలో పేరు లేక వెనక్కి వెళ్ళారు. బాడ్మింటన్ క్రీడాకారిణి జ్వాలా గుత్తా పేరు కూడా లేదు. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి రజత్ కుమార్ బహిరంగంగా క్షమాపణ చెప్పారు. కొద్ది నెలలకే, 2019 ఎన్నికల ముందు, ఆంధ్రప్రదేశ్‌లో పేర్లు తీసెయ్యమంటూ ఫారం-7 అర్జీలు లక్షల్లో వచ్చిపడ్డాయి. ఎవరి పేరుతో అర్జీ వచ్చిందో వాళ్ళకే తెలియని సందర్భాలు బయటపడ్డాయి, పోలీసు కేసులు పెట్టాల్సి వచ్చింది.

మన పద్ధతిలో ఒక చిక్కుంది. మన ఓటు ఇంకెవరో వేసేసి ఉంటే టెండర్ ఓటు అడగవచ్చు. అంటే దొంగ ఓటుకి పోలింగు కేంద్రంలో కాస్తో కూస్తో మందుంది. జాబితాలో పేరే లేకపోతే ఏ మందూ లేదు, కార్డు ఉన్నా ఇంటికి పోవాల్సిందే. అమెరికాలో 2002 చట్టం తర్వాత అలాంటివాళ్ళకి తాత్కాలిక ఓటు ఇస్తారు, అర్హత తర్వాత తేల్చి లెక్కేస్తారు. మిన్నెసోటా, విస్కాన్సిన్ లాంటి రాష్ట్రాల్లో 1970ల నుంచీ పోలింగు రోజునే నమోదు చేసుకుని ఓటెయ్యవచ్చు. నార్త్ డకోటా అయితే 1951లో నమోదునే ఎత్తేసింది. అక్కడ ఆకాశమేమీ ఊడిపడలేదు.

భారం సర్కారు మోస్తే ఏమవుతుందో తెలియాలంటే, మన తెలుగువాళ్ళు నాలుగు తరాలుగా ఉంటున్న మలేసియా చూడాలి. అక్కడ 2019లో రాజ్యాంగ సవరణ చేసి ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గించారు, నమోదు దానంతటదే జరిగేట్టు పెట్టారు. అది 2021 డిసెంబరులో అమల్లోకి వచ్చింది. 2018 ఎన్నికల్లో కోటి 49 లక్షలున్న ఓటర్లు 2022 ఎన్నికలకి 2 కోట్ల 11 లక్షలయ్యారు. గుర్తింపు కార్డు మీద పాత చిరునామా ఉన్నవాళ్ళకి పాత ఊళ్ళోనే ఓటు పడటం లాంటి ఇబ్బందులు లేకపోలేదు. కానీ అవి సరిదిద్దుకోగలిగిన ఇబ్బందులు. అమెరికాలో ఒరెగాన్ ఇలాంటి చట్టాన్ని 2015లో చేసింది, ఆ తర్వాత మరికొన్ని రాష్ట్రాలూ చేశాయి.

ఇదంతా చూశాక నమోదు చట్టాల సంస్కరణ అంటే నేను అడిగేవి నాలుగే. చేర్చే పనీ, తీసే పనీ రెండూ సర్కారే మోయాలి. తియ్యాలనుకుంటే కారణం రాసి, ముందుగా చెప్పి, ఎన్నికలకి చాలా ముందే తియ్యాలి. పొరపాటున తీసేస్తే పోలింగు రోజున దిద్దుకునే దారి ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, ప్రతి ప్రక్షాళన తర్వాత రెండు అంకెలూ ప్రకటించాలి. ఎన్ని చెల్లని పేర్లు తీశాం, ఎన్ని చెల్లే పేర్లు పోయాయి.

2025లో బీహార్‌లో జాబితా సవరించినప్పుడు ముసాయిదాలోంచి సుమారు 65 లక్షల పేర్లు పోయాయి. ఆ పేర్లూ, తీసిన కారణాలూ బయటపెట్టమని ఆగస్టు 14న సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. డెబ్భై ఏళ్ళ కిందట సుకుమార్ సేన్ ఎవరూ అడక్కుండానే తన లెక్క తను రాసి పెట్టారు.

ఎన్నిక నమ్మదగ్గదని ఎవరు చెప్పాలి? గెలిచినవాడు ఎలాగూ చెప్తాడు. ఓడినవాడు చెప్తే మంచిదే. కానీ తన పేరు లేదని ఇంటికి తిరిగి నడిచివెళ్ళిన మనిషికి, నీ పేరు ఎందుకు పోయిందో, ఎవరు తీశారో, ఎప్పటికి తిరిగి చేరుతుందో ఒక కాయితం మీద రాసి ఇవ్వగలిగితే, ఆ జాబితాని నేను నమ్ముతాను.